విరిగినవాటి పుస్తకం

ఎల్ ఆల్తోలో గాలి పలచన.
నాలుగు మెట్లెక్కితే మాట మధ్యలో తెగిపోతుంది.
అక్కడ, పాత టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో
మేం చక్రాల కుర్చీలు చేస్తాం.
నేను లెక్కలు రాస్తాను.

అమ్మినవాటికి సన్నటి పుస్తకం.
విరిగినవాటికి లావుపాటిది,
అట్ట నిండా గ్రీజు వేలిముద్రలు.
ప్రతి సోమవారం బసీలియా
రెండోదే ముందు తెరుస్తుంది, టీ చల్లారేదాకా మూయదు.

"ముందు చక్రం. గుండ్రాళ్ళ వీధి. మూడో నెల."
"బ్రేకు. వడగళ్ళు పడ్డ రోజు."
"కుర్చీ బాగానే ఉంది, గుమ్మమే ఇరుకు."
ఈ చివరిది విరగడం కిందికి రాదన్నాను.
రాయమంది.

మొదటి కుర్చీ నాకింకా గుర్తే.
కింద లా పాజ్‌లో చదివిన ఇంజినీరు గీశాడు,
షెడ్డు గచ్చు మీద బొంగరంలా తిరిగింది.
చప్పట్లు కొట్టాం, ఫొటో దిగాం.
దోన్యా తొమాసా ఒక్క పూట వాడి
మనవడి చేత వెనక్కి తోయించుకొచ్చింది.
"మీ గచ్చు కోసం చేసుకున్నారు దీన్ని.
నా వీధినేమైనా అడిగారా?"

నేల విడిచి సాము చేశామని
అప్పటిగ్గానీ తెలీలేదు.

మర్నాడు పొద్దున బసీలియా ఆ కుర్చీలో కూర్చుంది.
లేవలేదు.
బజారుకీ, రేకుల కొట్టుకీ, బ్యాంకుకీ దాంట్లోనే.
బ్యాంకు ముందు మూడు మెట్లు.
ఆ మూడు మెట్ల కింద నలభై నిమిషాలు.
అద్దం లోపల్నించి మేనేజరు చెయ్యూపాడు.
అప్పు పుట్టలేదు.
ఆ నెల జీతాల్లో తనది ముందు కోసుకుంది,
ఆ మాట నాకూ పుస్తకానికీ తప్ప తెలీదు.

సాయంత్రం బొబ్బలెక్కిన అరచేతులతో వచ్చి
ఇంజినీరుని పిలవలేదు.
వెల్డింగు కుర్రాడు వాస్కర్‌ని పిలిచింది.
"ఆ వీధిలో బంగాళాదుంపల బళ్ళు ఎలా దిగుతాయిరా?"
వాడు పదేళ్ళప్పుడు ఆ బండే తోశాడు.
మా దగ్గర చేరి రెండేళ్ళు,
ఎవరూ అడగలేదు.
సుద్దముక్క తీసుకుని గచ్చు మీద
లావు చక్రం ఒకటి గీశాడు,
ఇంజినీరు వంగి చూశాడు,
చాలాసేపు వంగే ఉన్నాడు.

మొన్న రాటర్‌డామ్ నించి పెట్టుబడి పెట్టే పెద్దమనిషి వచ్చాడు.
ఎత్తు పడక ఒక చేత్తో తల పట్టుకుని
ఏడాదికి పదివేలు చేయగలరా అన్నాడు.
బసీలియా లావు పుస్తకం చేతికిచ్చింది.
రెండు పేజీలు తిప్పి, గొంతు తగ్గించి,
"ఇది ఇంకెవరికీ చూపించకండి" అన్నాడు.
కోకా టీ తాగి వెళ్ళాడు.
మళ్ళీ వస్తాడో రాడో.

నిన్న దోన్యా తొమాసా కుర్చీ మళ్ళీ వచ్చింది.
విరగలేదు.
చెల్లెలి మనవరాలి పెళ్ళిలో ఆడీ ఆడీ
రంగుకాగితాల తోరణాలు ఇరుసుకి చుట్టుకుని
చక్రం తిరగడం మానేసింది.
దీన్నే పద్దు కింద రాయాలో తోచక
కలం పట్టుకుని బసీలియా వైపు చూశాను.

ఆమె అప్పటికే నేల మీద బాసింపట్టు వేసుకుని
ఇరుసు ఊడదీస్తోంది.