పద్నాలుగో కిటికీ

అనంతపురం పెద్దాసుపత్రిలో
పద్నాలుగో కిటికీ కాడ కూర్చుంటా నేను.
మందులియ్యడం జీతానికి.
చీటీలోని మాటలు విప్పి చెప్పడం ఊరికే.

నార్పల మారెప్పకు మూడెకరాల చీనీతోట.
గుండె రిపోర్టు తిప్పి తిప్పి చూసి
"బ్లాకంట, యాడుండాది మేడం అది?" అన్నాడు.
డ్రిప్పు పైపులో ఉప్పు కడితే ఏం జేస్తావంటే
"యాసిడ్ కొట్టి కడుగుతా."
నెత్తురు పైపులో యాసిడ్ కొట్టలేరు కదప్పా,
సన్నటి తీగజాలి ఒకటి దూర్చి
దారి మూసుకోకుండా నిలబెడతారు,
స్టెంటంటే అంతే.
చాలాసేపు ఆలోచించి
"మరి బోరులోనే నీళ్లు లేకుంటే?" అన్నాడు.
వెనకున్న క్యూ అంతా నవ్వింది.
అతను నవ్వలేదు.

ఓబుళమ్మకు షుగరు. క్రానిక్ అని రాసినారు.
చుట్టమొచ్చింది పెద్దమ్మా, పొయ్యే రకం కాదు,
తరిమేదానికీ లేదు.
వేళకింత మందేసి
మాట మీరకుండా చూసుకోవాల.
"మా ఆడబిడ్డ మాదిరా?"
మాదిరే.

మాబున్ని మెట్ల మీదే కూలబడి ఏడుస్తా ఉంది.
చేతిలో కూతురి కఫం పరీక్ష కాగితం,
అడ్డంగా నెగెటివ్ అని ముద్ర.
నెగెటివ్ అంటే లేదని అక్కా,
టీబీ లేదు, బిడ్డకేం కాలేదు.
"లేదు అంటే మంచిదా?"
నా మొగంలోకి చూసి మళ్లీ అడిగింది.
రేషన్ షాపులో, బ్యాంకులో, మండలాఫీసులో
విన్నప్పుడల్లా ఆ మాట ఆమెను వెనక్కే పంపింది.
ఒక్కసారన్నా అది మంచి మాటైందని
నమ్మడానికి పావుగంట పట్టింది.

నాలుగు నెలలుగా నా కుడిచెయ్యి వణుకుతా ఉంది.
పై అంతస్తులో చూపించుకుంటే
ఇడియోపతిక్ అని రాసిచ్చినారు.
ఇన్నేళ్లలో ఎందరికో విప్పిన మాటే.
నా పేరు కింద ఉంటే
రెండుసార్లు చదివినా, కూడబలుక్కుంటా.

నెల మందులకొచ్చిన మారెప్ప
కిటికీలోంచి ఆ కాగితం చూసినాడు.
"ఏమంట మేడం?"
ఎందుకొచ్చిందో వాళ్లకూ తెలీదంట.
"దానికింత పొడుగు మాటా!
మా ఊర్లో అయితే ఏమో అంటాం."

ఏమో.
నోట్లో ఒకసారి అనుకుని చూసినా.
కాస్త తేలిగ్గానే ఉంది.

ముప్పై మాత్రలు లెక్కబెట్టి కవర్లో పోసిచ్చినా.
అతను గట్టు మీద పరిచి మళ్లీ లెక్కబెట్టినాడు.
ఇరవై తొమ్మిది.
ఏమీ అనకుండా
చెయ్యి చాపి నిలబడినాడు.