మూత తీస్తే ఎలుగుతాది

కొండ ఎక్కి దిగితే గానీ యారాడ రాదు.
వెనక సీటుకి పనిముట్ల సంచి కట్టి
బ్రేకు మీదే ప్రాణం పెట్టి దిగాను.
ఊరు దాటాక, సరుగుడు తోట దాటాక,
దారి ఇసకలో మునిగిపోయిన చోట
సూరాడ ముత్యాలమ్మ ఇల్లు.
ఇంట్లో సగం పొయ్యే.

ఎప్పుడో విప్పేసిన ఓడ వంటగదిలోది.
ఇనప కొట్టులో తూకానికి కొంటే
ఎనిమిదిమంది మోశారట,
తొమ్మిదోవాడు తిట్లు మోశాడట.
నెత్తిన నాలుగు గిన్నెలు పట్టే పలక,
పొట్టలో ఆయిలు మంట,
వీపున నీళ్ల బాయిలరు.
తలుపు మీది అక్షరాలు ఏ దేశానివో,
ఈవిడ వాటికి పసుపు రాసి బొట్టు పెట్టింది.
గ్యాసు లారీ ఇసకలోకి దిగదు.
పడవకి తెచ్చిన డీజిల్లో
రోజూ రెండు లీటర్లు దీని వాటా.

"పది నిమిషాలు మండతాది బాబూ,
ఆనక కొండెక్కిపోతాది.
ఆయిలుందో నేదోనని నాను డ్రమ్ము మూత తీసి సూత్తే
మళ్లీ ఎలుగుతాది."

విన్నాను.
విన్నానంటే, చెవిలో పడింది.
ముప్పయ్యేళ్లు షిప్‌యార్డులో ఫిట్టరుని.
రోగమేదో నేను చెప్పాలి గానీ
రోగి ఇంటివాళ్లు చెబితే ఎలా?

ఫిల్టరు విప్పాను.
జాలీలో చిటికెడు తుప్పు, ఒక చీమ.
చీమకి ఆగే మంట కాదిది.
ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపాను.
చుక్క చప్పుడు లేదు, చిల్లు లేదు.
డీజిలు సీసాలో పట్టి ఎండకి ఎత్తి చూశాను.
అడుగున నీళ్లు లేవు.
బర్నరు గిన్నెలో బొగ్గు పెచ్చు ఉంటుందనుకున్నా.
"నెలకోపాలి ఆల్చిప్పెట్టి గీకుతాను" అందామె.
నిజమే, నా ఉలికి పని లేదు.
పొగగొట్టంలోకి తాడు వదిలి, గోనె కట్టి లాగాను.
మసంతా నాకొచ్చింది,
బుద్ధి మాత్రం పొయ్యికి రాలేదు.
వెలిగించిన ప్రతిసారీ
నీలంగా నవ్వడం, పసుపుగా నసగడం,
పదో నిమిషానికి
చెప్పకుండా లేచిపోయిన చుట్టంలా
ఖాళీ గిన్నె.

మధ్యాహ్నమైంది.
ఆమె బయట మూడు రాళ్లు పెట్టి,
సరుగుడు కాయలు రాజేసి,
కవళ్ల పులుసు దింపేసింది.
నన్నేమీ అనలేదు.
అంటే బాగుండేది.

చేతిలో కంచం. రెండో ముద్ద.
ఇంటి వెనక ఆమె
అలవాటు కొద్దీ డ్రమ్ము మూత తిప్పింది.
ఇస్స్స్.
పాము కాదు.
పొద్దుటి నుంచీ లోపల బిగబట్టుకున్నది
ఒక్కసారి పీల్చుకున్న చప్పుడు.

ముద్ద మింగానో లేదో గుర్తులేదు.
మూత తిరగేసి చూస్తే
గాలి రంధ్రం ఉండాల్సిన చోట
నున్నటి మట్టి బుడిపె.
కుమ్మరి పురుగు ఇల్లు కట్టింది.
లోపలికి గాలి పోకపోతే
బయటికి ఆయిలు ఎలా వస్తుంది?
ఇది మొదటి నెలలో అప్రెంటిస్‌కి చెప్పే పాఠం.
చెప్పింది నేనే, ఎంతమందికో.

"పిన్నీసుందా?" అన్నాను, ముఖం చూడకుండా.
గాజుల్లోంచి తీసిచ్చింది.
గుచ్చితే మట్టితో పాటు
స్పృహ తప్పిన చిన్న సాలీళ్లు రాలాయి,
వాటి మధ్య ఒక తెల్ల పురుగు.
"అయ్యో, దాని సంటిది" అందామె.

గంట మండింది. గంటన్నర.
బాయిలరు నీళ్లు గొంతు సవరించుకున్నాయి.
ఆ వేడినీళ్లతోనే నా చేతులు కడుక్కున్నాను,
మోచేతుల దాకా, చాలాసేపు.

"ఎంతియ్యాల?"
"పొద్దున్నే చెప్పావు కదమ్మా, నువ్వే తీసుకో."
ఆవిడ నవ్వలేదు. పెట్రోలుకిచ్చింది,
ఎండు కవళ్లు పొట్లం కట్టింది,
పాత వల ముక్క మడతపెట్టి
రంధ్రానికి పురికోసతో బిగించింది.
నేను బండి తీసేసరికి
నోట్లో మట్టి ఉండతో వచ్చిన తల్లి పురుగు
మూత చుట్టూ నడుస్తోంది,
గుమ్మం ఇక్కడే కదా అన్నట్టు.

గాజువాక చేరాక
చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే
వేలికి గుచ్చుకుంది.
ముత్యాలమ్మ పిన్నీసు.