మూడో అంతస్తు దగ్గర

మీరూ వార్లామ్ గారి ఇల్లు చూడ్డానికేనా?
లిఫ్టులో ఇరవై తెత్రీల బిళ్ళ వేస్తే గాని కదలదు, మొండిది.
ఐదో అంతస్తు. తలుపు పక్కన రాగి ఫలకం.
లోపల ఇప్పుడు పళ్ళ డాక్టరు.
రోగులు లేని వేళ ఫొటో తీసుకోనిస్తాడు, పాపం.

ఆయన మాత్రం ఏనాడూ లిఫ్టు ఎక్కలేదు.
బిళ్ళ దండగ అనేవాడు.
తబిలిసి మంచంతా బూట్లకి అంటించుకుని,
టోపీ చంకలో పెట్టుకుని,
పాఠం వల్లించుకుంటూ మెట్లెక్కేవాడు:
ఒక అంతస్తు రాజు, ఒక అంతస్తు తాగుబోతు.
మా గుమ్మం దాకా వచ్చేసరికి ఆయాసం.
మెట్ల కమ్మీ పట్టుకుని ఆగిపోయేవాడు,
వాక్యం సగంలో.

మా అమ్మ జుజునా
గ్లాసుతో నీళ్ళు పట్టుకుని తలుపు తీసేది.
నేను ఆవిడ వెనక నక్కి లెక్కపెట్టేదాన్ని,
ఒకటి, రెండు, మూడు...
ఒక్కోసారి తొమ్మిది దాకా.

ఆ చలికాలమే, థియేటర్లో,
రాజు చచ్చిపోయే ముందు ఆయన అలాగే ఆగాడు.
హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది.
ఆ మౌనానికి పత్రికలు ఏవేవో పేర్లు పెట్టాయి.
మా అమ్మ మాత్రం పదకొండో వరుసలో
చేతిసంచీలో నీళ్ళ సీసా కోసం
తడుముకుంటూ ఉండిపోయింది.

సరే, ఫలకం చూసి రండి.
దిగడానికి లిఫ్టు డబ్బులడగదు,
అయినా మెట్ల మీదుగా రండి.
ఇదిగో, ఇక్కడ కమ్మీ కాస్త నునుపుగా ఉంటుంది.
కిందటి మెట్టు పగిలింది, చూసుకోండి.
బాగు చేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు
పదకొండేళ్ళుగా అంటున్నారు.