గాలిలో గూళ్ళు

ఏడాదికి రెండుసార్లు,
ఏప్రిల్‌లో ఒకసారి, దుక్కులయ్యాక అక్టోబరులో ఒకసారి,
టేపు పట్టుకొని ఈ సఫోక్ తీరానికి వస్తాను.
ఇక్కడ ఇల్లు లేదు, రోడ్డు లేదు,
గోడ కట్టమని అర్జీ పెట్టే మనిషి లేడు.
బార్లీ చేను, చివర పసుపుపచ్చ ముళ్ళపొదలు,
ఆ తర్వాత
ఒక్కసారిగా ఆకాశం.

ఆఫీసు కాగితాల్లో ఈ రెండు మైళ్ళకి
ఒకటే మాట: జోక్యం అక్కర్లేదు.
పక్కన ఒక ఖాళీ గడి.
ఆ గడి నింపడమే నా ఉద్యోగం.

చేను ఐవీ గారడ్‌ది.
ఆమె దగ్గరున్న పాత పటంలో
ఇక్కడినించి నీటిదాకా ఇంకో మూడు చేలున్నాయి,
పేర్లతో సహా:
పావురాల చేను, పొడుగు చేను, ఏడెకరాలు.
మూడింటి మీదా ఇప్పుడు అలలు.
శిస్తు కట్టిన రసీదులు మాత్రం
ఆమె వంటింటి సొరుగులో పొడిగా ఉన్నాయి.

మా వైపు పక్క చేని ఆసామి
ఏటా ఒక చాలు గట్టు కలుపుకుంటాడు.
అడిగితే, నాగలి జారింది అంటాడు.
పదేళ్ళకి గట్టు మీద నడిచే చోటు పోతుంది,
ఇరవై ఏళ్ళకి గట్టే పోతుంది.
ఐవీకి చెబితే నవ్వింది.
"మా పక్కవాడూ అంతే.
కాకపోతే ఈమధ్య ట్రాక్టర్ కొన్నాడు."

ఏడాదికి నీరు పెరిగేది
ఒక బార్లీ గింజ మందమట.
గింజని అరచేతిలో పెట్టుకొని చూశాను.
దీనికేనా?
దీనికే.
పున్నమి పోటుకి తూర్పుగాలి తోడైన రాత్రి
ఆ గింజ మీద కాలు పెట్టి
నీళ్ళు ఒక మెట్టు పైకెక్కుతాయి.
దిబ్బని పైనుంచి తినవు,
ముందు మడమ, తర్వాత పిక్క.
పైన గడ్డికి ఏమీ తెలియదు.
దాని మీద కుందేలు ఎండ కాచుకుంటూనే ఉంటుంది.

కింద ఇసుకలో ఒక ఓక్ చెట్టు
తలకిందులుగా పడి ఉంది, ఉప్పుకి ఎముకలా తెల్లబడి.
వేళ్ళ మధ్య ఇంకా ఒక రాయిని
గట్టిగా పట్టుకొనే ఉంది.

నా ముందువాళ్ళు చేలో పాతిన ఇనపమేకు నించి
అంచు దాకా కొలత.
మొదటి పుస్తకంలో నలభై రెండు మీటర్లు.
నేను చేరిన ఏడు పదకొండు.
నిరుడు నాలుగు.
ఈ ఏప్రిల్‌లో టేపు తగిలించడానికి
మేకు లేదు.
గడిలో సున్నా వేయబోయి ఆగాను.
సున్నాకి కూడా నిలబడే చోటొకటి కావాలి కదా.

చేని గేటు దాకా వెనక్కి నడిచి
కొత్త మేకు దించాను. సుత్తి ఐవీదే.
"ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగింది,
చెప్పుల జత గురించి అడిగినట్టు.

అప్పుడే వచ్చాయి ఆఫ్రికా నించి
గోధుమరంగు ఇసుక పిట్టలు.
నిరుడు గూళ్ళున్న చోట
ఇప్పుడు గాలి ఉంది.
కాసేపు ఆ గాలిలోనే తిరిగాయి.
వెతుక్కున్నాయని రాసుకోబోయాను,
కానీ అవేం వెతకలేదు.
కొత్తగా తెగిన మట్టిగోడకి వేలాడి
కాళ్ళతో తవ్వడం మొదలెట్టాయి.
పాత గూళ్ళలో పేలుంటాయి,
కోసిన గోడే వాటికి ఇష్టం.
కోత లేకపోతే వాటికి ఊరే లేదు.

అయినా ముందటేడు జూన్‌లో
గుడ్లు పొదగకముందే
ఒక వరసంతా జారిపోయింది.
ఐవీ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పొద్దుగూకింది. టేపు చుడుతుంటే
డబ్బీ లోపల ఇసుక గరగరమంది.
పొడుగు చేనో, ఏడెకరాలో,
అడుగుదామని తల ఎత్తాను.
ఆమె అప్పటికే గేటు గొళ్ళెం వేస్తోంది,
ఇటువైపు నించి.