మిరప చేతులు

కొడుకు సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు.
పదకొండో రోజుకే పనిలోకొచ్చింది సలోమి,
ఏటుకూరు రోడ్డు షెడ్డులో
మిరపకాయల ముచ్చికలు తీయడానికి.

మొన్న ఆదివారం గుడి మెట్ల మీద
ఒకరు "స్తుతించమ్మా, నెమ్మది దొరుకుద్ది" అన్నారు.
ఒకరు "దేవుడి చిత్తం" అన్నారు.
తల ఊపింది.
పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం నోరు తెరవలేదు.

ఆ రాత్రి గిన్నెలు తోముతూ అడుగుతోంది,
గోడకివతల నాకు వినపడింది:
"అయ్యా, నీకూ ఒక్కడే కదా.
ఎట్లా ఓర్చుకున్నావు?"
తర్వాత చాలాసేపు నీళ్ల చప్పుడే.

ఇవాళ ఘాటుకి షెడ్డంతా దగ్గు.
కాయ గిల్లుతూ గిల్లుతూ ఆగిపోయింది.
కళ్లనిండా నీళ్లు,
ఘాటువో, వాడివో.
తుడుచుకోబోయి చేతులు దించేసింది.
గుంటూరులో పుట్టినదానికి వేరే చెప్పాలా,
మిరప చేతుల్తో కన్ను తాకకూడదని!

మా చేతులూ అవే.
చూస్తూ కూర్చున్నాం నలభైమందిమి.

నీళ్లడబ్బా దించి ఖాసింబీ వచ్చింది.
తడి చేత్తో గడ్డం పట్టుకుని
పైట చెంగుతో ఒక్కో కన్నూ ఒత్తింది,
పసిదానికి కాటుక సరిచేసినట్టు.
ఏమీ అనలేదు.

ఇరవై ఏళ్లుగా వాక్యం చదువుతున్నాను.
మెట్ల మీద "చిత్తం" అన్నది నేనే.

సాయంత్రం మేస్త్రీకి చెప్పాను,
రేపు నీళ్లడబ్బా
నేను మోస్తానని.