చివరి ట్రామ్ వెళ్ళాక

షెఫీల్డ్‌లో చివరి ట్రామ్ దాటేదాకా ఆగాలి.
దాని వణుకు మట్టిలోంచి నడిచొచ్చి
నేలమాళిగలో మైక్రోస్కోప్ కాళ్ళు పట్టుకుంటుంది,
బొమ్మంతా అలుక్కుపోతుంది.
మోరీన్ హాలమ్ టైమ్‌టేబుల్ చూడదు.
టీ కప్పులో అలలు సద్దుమణిగితే
"పోయింది, కానీయ్" అంటుంది.

ఈ రాత్రి ఇండియం సెలెనైడ్.
మధ్యాహ్నం మామూలు టేపుతోనే ఒలిచాను.
దీని ముందు ఉల్లిపొర రగ్గు.
పొరకి అయిదు వరసల పరమాణువులు.
నడిమి వరస సెలీనియం నడుమన కూర్చోదు,
పైకో కిందికో ఒరుగుతుంది.
ఆ ఒరుగుడునే మేం జ్ఞాపకం అంటున్నాం,
దానికే గ్రాంటు అడుగుతున్నాం.

ఓల్టేజీ ఇచ్చాను.
వరిచేను మీద గాలి పోయినట్టు
ఒరుగు మారుతూ వచ్చింది ఎడమనించి,
వచ్చి వచ్చి
ఒక చోట ఆగింది.
పెంచాను. కదల్లేదు.
ఇంకాస్త పెంచాను.
దగ్గరికెళ్ళి చూస్తే
అక్కడ ఉండాల్సిన సెలీనియం ఒకటి లేదు.
అంతే.
తలకట్టు మరిచిన అక్షరం,
పంక్తి మొత్తం అక్కడ తడబడింది.

అమ్మమ్మ సుందరమ్మ
గూడూరు అభ్రకం షెడ్డులో రేకులు చీల్చేది.
వెలుగుకి ఎత్తిపట్టి, మచ్చ కనపడితే
పక్క గంపలోకి. ఆ గంపకి కూలి లేదు.
కత్తి మీద ఏదో సీమ ఊరి పేరుండేదట,
అరిగిన అక్షరాలు, ఆమెకి చదువు రాదు.
ఈ ఊరే కావచ్చు. కత్తుల ఊరే ఇది.
కాకపోనూ వచ్చు.
నేను మాత్రం ఆ పక్క గంపలోనే
ఆరేళ్ళుగా వెతుకుతున్నాను.

పన్నుపోయిన చోటికే నాలుక పోతుంది.
కిరణాన్ని ఆ ఖాళీ మీదే నిలిపాను,
నిలపాల్సిన దానికంటే ఎక్కువసేపు.
పక్కన ఇంకొకటి
మినుకుమంది, లేదు.
"చాలు, ఆపెయ్" అంది మోరీన్,
"నీ చూపుకే చిరుగుతోంది అది."

అప్పుడొచ్చింది అనుమానం:
మొదటిది మాత్రం
నేను చూడకముందు నించీ ఉందా?

లాగ్‌బుక్‌లో రాశాను:
ఖాళీలు రెండు.
ఒకటి దొరికింది, ఒకటి చేశాను.
ఏది ఏదో రాయడానికి పెన్ను ఎత్తేసరికి
కప్పులో మిగిలిన చల్లటి టీ
సన్నగా వణికింది.
మొదటి ట్రామ్.