పికిలిపిట్ట పొడిచిన బొప్పాయి

వారానికి రెండు రోజులు సోంపేటలో
మిషను పక్క మంచం మీద ఉంటాను.
మిగిలిన అయిదూ తోటవే.
డెబ్బై సెంట్లు, ఎర్ర ఇసుక,
ఉప్పుగాలికి తూర్పువైపు ఆకు మాడిన జీడిచెట్లు ఆరు,
తుఫాను వదిలేసిన కొబ్బరి తొమ్మిది.

పడిపోయిన ముప్పైరెండు మొదళ్ళ మధ్య
నేల మొదటిసారి ఎండ చూసింది.
తాత నాటిన నీడ ఒక్క రాత్రిలో పోయింది.
ఏడుపు ఆగడానికి నెల పట్టింది,
ఆనపగింజ మొలవడానికి అయిదు రోజులు.
కొబ్బరికి ఏడేళ్ళు, అరటికి ఏడాది,
బొప్పాయికి తొమ్మిది నెలలు,
తోటకూరకి పాతిక రోజులు.
నాకెంత గడువుందో డాక్టరమ్మ చెప్పలేదు కాబట్టి
అన్నీ వేసేశాను.

ఆవిడ రాసిచ్చిన కాయితాన్ని
వంటింటి తలుపుకి అన్నంమెతుకులతో అంటించింది లోలాక్షి.
కొబ్బరినీళ్ళు కొట్టేసి ఉన్నాయి. అరటిపండు కొట్టేసి ఉంది.
మునగాకు, పనసతొన, చిలగడదుంప,
ఒక్కోదాని మీద రెండేసి గీతలు.
చదువుతుంటే అది నా తోట పటంలాగే ఉంది,
నూతి దగ్గర మొదలెట్టి జీడిచెట్ల దాకా
వరస తప్పకుండా.
ఎప్పుడో మా దిబ్బెక్కి చూసి రాసినట్టు.

ఆనపకాయకి అనుమతుంది.
బీరకాయకుంది.
అవీ ముక్కలు కోసి, నానేసి, ఉడికించి,
నీళ్ళు వార్చి పారబోసి తినాలి.
"సారం పోయాక మరేటి మిగుల్తాది?" అన్నాను.
"నువ్వు మిగుల్తావు. తిను" అంది.

పారబోయడం మాత్రం ఆ మనిషికి చేతకాదు.
చల్లార్చి అరటిపాదులో పోస్తుంది.
నాకు పడని బలమంతా తాగి
ఆ చక్కెరకేళి ఇంటిచూరు దాటి గెల వేసింది.
సిగ్గు లేదు దానికి.

నాకు రోజుకి మూడు గ్లాసులు.
వంకాయ మడికి పూటకి పద్నాలుగు బిందెలు.
చేద నూతిలో దిగే చప్పుడుకి
నాలుక అంగిటికి అంటుకుంటుంది.
ఈ నీళ్ళ వల్లే అంటారు కొందరు, కాదంటారు కొందరు.
సీసాల్లో పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు.
మొక్కలు మాత్రం ఏమీ అడక్కుండా తాగుతాయి.

పక్క మంచం తవిటయ్యది.
గొట్టాల్లో నెత్తురు తిరిగే నాలుగు గంటలూ
విత్తనాల బేరమే.
"నీ బెండ ముదరదట కదా, గుప్పెడు తేవోయ్" అన్నాడు.
చిన్న పొట్లం కట్టి తీసుకెళ్ళాను.
ఆ మంగళవారం మంచం మీద కొత్త దుప్పటి,
ఎవరో కుర్రాడు.
పొట్లం అలాగే తెచ్చి గట్టు మీద వేశాను.
మడిలో వాటికంటే రెండు రోజులు ముందే మొలిచాయి.
ఆయనకి ఎప్పుడూ తొందరే.

కంచిలి సంతలో బుట్ట దించగానే
ఒకావిడ బొప్పాయి ఎత్తి, బరువు చూసి,
"తియ్యగుంటాదా బాబూ? నువ్వు తిన్నావా?" అంది.

తినలేదు. మూడేళ్ళయింది.
అయినా పనసకాయని వేలి కణుపుతో కొడతాను.
ఖంగుమంటే కూరకి, బరంపురం లారీకి.
తడిమట్టి మీద అడుగేసినట్టు పలికితే పండింది.
చీమలు ఏ కొమ్మకి బారు కట్టాయో చూస్తాను.
జీడిపండు వాసన గొంతు వెనక గీరితే చాలు.
బొప్పాయికైతే
నాకు బదులు ఒక పికిలిపిట్ట ఉంది.
తెల్లారకముందే వచ్చి
అన్ని చెట్లూ తిరిగి, ఒక్క కాయ ఎంచి,
మెడ దగ్గర పొడిచి పోతుంది.
అది ఏ చెట్టు పొడిస్తే
ఆ పూట ఆ చెట్టు కాయలే బుట్టకెక్కుతాయి.
ఇంతవరకు దాని మాట తప్పలేదు.

"అడుగుతుంటే సెప్పవేటి? తిన్నావా?"

"మా ఇంట్లో తిన్నారమ్మా" అన్నాను.
రెండు తీసుకుంది.